చేప వెంట చెరువు

చేపకి ప్రయాణమేమిటండీ, నీళ్ళున్న చోటల్లా అదే ఈదుకుంటూ పోతుంది కదా అంటారేమో. ఏట్లో చేప సంగతి వేరు. గాజుతొట్టిలో పెంచుకునే చేప మాటేమిటి? ఇంటాయనకి బదిలీ అయిందనుకోండి. మంచాలూ బీరువాలూ లారీ ఎక్కుతాయి. కుక్కపిల్ల కారులో కిటికీ పక్కన సీటు సంపాదించుకుంటుంది. పిల్లి బుట్టలో ముడుచుకు పడుకుంటుంది. చేపని మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు. దాన్ని ఒక్కదాన్నీ పట్టుకెళ్ళడానికి లేదు. దానితోపాటు దాని ఇల్లు కూడా కదలాలి. ఆ ఇల్లు నీళ్ళతో కట్టిన ఇల్లాయె!

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. మన పురాణాల్లోనే ఉంది. భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి ఓ చేపపిల్ల వస్తుంది. నన్ను మళ్ళీ ఏట్లో వదలకు, పెద్దచేపలు మింగేస్తాయని మొరపెట్టుకుంటుంది. రాజు జాలిపడి కమండలంలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. తెల్లారేసరికి కమండలం చాలదు. ఇంకా పెద్ద పాత్రలో వేస్తే అదీ చాలదు. చెరువు చాలదు, మడుగు చాలదు, చివరికి సముద్రానికి తీసుకెళ్ళాల్సి వస్తుంది. ఆ చేప సాక్షాత్తూ విష్ణుమూర్తి గనక కథ ప్రళయం దాకా నడిచింది. అదలా ఉంచి, ఇంటి పని చూసుకునే మనిషి కళ్ళతో ఒకసారి చదివి చూడండి. చేపని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు పడే అవస్థంతా అందులో ఉంది. పాత్ర వెతకడం, అది చాలకపోవడం, మరోటి వెతకడం. అయితే ఆ చేప నాకిక్కడ ఇరుకుగా ఉందని నోరు విడిచి చెప్పింది. మన ఇళ్ళల్లో చేపలు చెప్పవు. అవి చెప్పని ఆ మాటని మనుషులు వినడం నేర్చుకోవడానికి కొన్ని వందల యేళ్ళు పట్టింది.

అందం కోసం చేపల్ని పెంచడం చైనావాళ్ళు నేర్పిన విద్య. వెయ్యేళ్ళ కిందట, సోంగ్ వంశపు రాజుల కాలానికే, మామూలు రంగు చేపల్లో అప్పుడప్పుడూ పుట్టే బంగారు రంగు పిల్లల్ని ఏరి విడిగా కొలనుల్లో పెంచేవారు. పదహారో శతాబ్దం నాటికి అవి ఇళ్ళ వాకిళ్ళలోకి, పెద్ద పెద్ద తొట్లలోకి వచ్చాయి. పైనుంచి వంగి చూసి మురిసిపోవడమే గాని పక్కనుంచి చూసే గాజుగోడలు వాటికి లేవు. గోల్డ్‌ఫిష్ అని మనం పిలుచుకునే చేప పుట్టిల్లు అదే.

పదిహేడో శతాబ్దంలో ఆ చేపలు ఓడలెక్కి యూరపు చేరాయి. 1665 మే నెలలో లండన్‌లో సామ్యూల్ పీప్స్ అనే ప్రభుత్వోద్యోగి తనకి తెలిసిన ఒకావిడ ఇంట్లో గాజుపాత్రలో ఉన్న విదేశీ చేపల్ని చూసి ముచ్చటపడి ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. ఆ పాత్రలో ఆ నీళ్ళలో అవి అలాగే ఎప్పటికీ బతుకుతాయని నమ్మాడు పాపం. ఆయనే కాదు, ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకున్నారు. చేపకి నీళ్ళు కావాలి, నీళ్ళు పోశాం, ఇంకేం కావాలి?

మరో తొంభై యేళ్ళకి ఇంగ్లండులో హోరేస్ వాల్పోల్ అనే పెద్దమనిషి ఈ చేపల మీద వెర్రి వ్యామోహం పెంచుకున్నాడు. చైనాలో ఉన్న ఒక పెద్ద సరస్సు పేరే తన పెరటి కొలనుకీ పెట్టుకున్నాడు, పోయాంగ్ అని. ఆయన పెంపుడు పిల్లి సెలీమా చేపలున్న పింగాణీ తొట్టిలో పడి చచ్చిపోతే స్నేహితుడైన థామస్ గ్రే దాని మీద పద్యం రాశాడు. అది ఇంగ్లీషు సాహిత్యంలో ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ వాల్పోల్ తన కొలనులో చేపల్ని మిత్రులకి కానుకగా ఇచ్చేవాడు. వారిలో ఒక రాయబారి వాటిని గుర్రబ్బండిలో పెట్టుకుని ట్యూరిన్ నగరం దాకా తీసుకెళ్ళాడట. లండన్ నుంచి ఇప్పటి ఇటలీకి, కొండలూ గుట్టలూ దాటుకుంటూ, గతుకుల బాట మీద! మనం సంక్రాంతికి బస్సులో పాలకాన్ పట్టుకుని పుట్టింటికి వెళితేనే సగం ఒలికిపోతుంది గదా, ఆ రాయబారి ఒళ్ళో చేపలు ఎన్ని తిప్పలు పడ్డాయో.

ఒక్క సంగతి గమనించండి. అప్పటికి ప్రాణవాయువంటే ఏమిటో లోకానికి తెలీదు. ప్రీస్ట్‌లీ 1774లో దాన్ని వేరుచేసి చూపించాడు. తరవాత లావోయిజియే దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. చేప నీళ్ళని తాగి బతకడం లేదు, నీళ్ళలో కరిగి ఉన్న గాలిని మొప్పలతో పీల్చి బతుకుతోందన్న సంగతి అర్థమయ్యేదాకా చేపల ప్రయాణమంటే దేవుడి మీద భారం వెయ్యడమే. ఒక లీటరు గాలిలో ఉండే ప్రాణవాయువులో సుమారు ముప్ఫయ్యో వంతే లీటరు నీళ్ళలో ఉంటుంది. పైగా నీళ్ళు వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గిపోతుంది. చలికాలపు చన్నీళ్ళలో లీటరుకి 11 మిల్లీగ్రాములుంటే, మన వేసవి నీళ్ళలో ఏడో ఎనిమిదో. ఇరుకు పాత్రలో నీళ్ళు నిండుగానే ఉన్నా చేపకి ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది. అది చూసి ఆకలేస్తోంది కాబోలనుకుని మరో గుప్పెడు మేత వేసేవాళ్ళూ ఉన్నారు.

ఈ విద్యలో మనకి దారి చూపినవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇద్దరూ సూదీ దారం పట్టిన చేతులవాళ్ళే కావడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది.

మొదటావిడ జాన్ విల్‌ప్రే పవర్. 1794లో ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో పుట్టింది. పద్దెనిమిదేళ్ళ వయసులో బతుకుతెరువు కోసం పారిస్ వెళ్ళి కుట్టుపనిలో చేరింది. 1816లో ఒక రాకుమారి పెళ్ళిబట్టల మీద ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకుంది. ఆ తరవాత జేమ్స్ పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీ ద్వీపంలో కాపురం పెట్టింది. అక్కడి సముద్రంలో ఆర్గొనాట్ అనే వింత జీవి ఉంది. ఆక్టోపస్‌కి చుట్టం. కాగితంలాంటి పల్చని గుల్లలో ఆడది తిరుగుతూ ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, ఇంకో జీవి ఇంట్లో దూరి కాపురం చేస్తోందా అని పండితులు ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు. చచ్చిన జీవుల్ని సీసాలో పెట్టుకుని వాదిస్తే తేలే విషయమా అది? బతికున్నదాన్ని రోజూ చూడాలి. 1832 ప్రాంతంలో ఆవిడ మూడు రకాల తొట్లు చేయించింది. ఒకటి ఇంట్లో పెట్టుకునే గాజుతొట్టి. రెండోది తీరంలో నీళ్ళలో దించే గాజుతొట్టి, దాని చుట్టూ పంజరం. మూడోది లంగరు వేసి ఇంకా లోతులో నిలిపే పెద్ద పంజరం. గుల్ల ఆ జీవి సొంతమేననీ, విరిగితే తనే బాగుచేసుకుంటుందనీ తేల్చి చెప్పింది. ఈ తొట్ల ఘనత ఆవిడదేనని 1858లో రిచర్డ్ ఓవెన్ అనే పేరున్న శాస్త్రవేత్త ఒప్పుకున్నాడు.

ఆవిడ తెలివి చూశారా! జీవిని సముద్రంలోంచి ఇంటికి లాక్కురావడం కష్టమైతే, మన ఇంటినే సముద్రంలోకి పంపిస్తే సరి. ఊపిరి బాధ లేదు, నీళ్ళు మార్చే పని లేదు. విచిత్రమేమిటంటే, సిసిలీ వదిలి వెళ్ళేటప్పుడు ఆవిడ ఓడలో పంపిన కాగితాలూ బొమ్మలూ సేకరణలూ చాలా మటుకు ఓడ మునిగి సముద్రం పాలయ్యాయి. ప్రయాణం ఆవిడకి అచ్చిరాలేదు.

రెండో ఆవిడ ఆనా థిన్. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబేలో పెద్ద పదవిలో ఉన్న మతాధికారి భార్య. పిల్లలూ, వచ్చేపోయే అతిథులూ ఉన్న నిండు సంసారం. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరు వెళ్ళినప్పుడు అక్కడి రాళ్ళ గుంటల్లో పువ్వుల్లా విచ్చుకుని ఉన్న పగడపు జీవుల్ని చూసింది. చూసి వదిలి రాలేకపోయింది. లండన్‌కి తీసుకెళ్ళాలంటే సుమారు మూడు వందల కిలోమీటర్లు. జాడీలో వేస్తే కుదుపుకి ఒకదానికొకటి కొట్టుకుని నలిగిపోతాయి. ఏం చేసిందనుకున్నారు? ఒక పెద్ద స్పంజికి వాటిని సూదీ దారంతో కుట్టేసింది! చుట్టూ నీళ్ళు ఆడుతూ ఉంటాయి, అవి మాత్రం కదలవు. పండితులెవరికీ రాని ఉపాయం, గుండీ ఊడితే కుట్టుకునే చేతికి వచ్చింది.

లండన్ చేరాక అసలు కష్టం మొదలైంది. తెచ్చుకున్న సముద్రపు నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? కొత్త నీళ్ళు దొరక్క, పాతనీళ్ళనే మళ్ళీ ప్రాణం పోసి వాడాల్సి వచ్చింది. అందుకని ఆ నీళ్ళని తెరిచిన కిటికీ ముందు నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోయించేది. అరగంట, ముప్పావుగంట సేపు. అచ్చం మనం కాఫీ తిరగబోసినట్టు! అలా పోస్తుంటే గాలి నీళ్ళలో కలిసి, అందులోని జీవులకి ఊపిరి అందుతుంది. ఇంతకీ పోసింది ఎవరు? ఆవిడ కాదు. వాళ్ళింట్లో ఉన్న చిన్న పనిపిల్ల. శ్రమతో కూడిన పనేననీ, కాని ఆ పిల్ల దాన్ని ఆటలా భావించి సంతోషంగా చేసేదనీ ఆనా థిన్ రాసుకుంది. ఆటలానే ఉండేదో, అమ్మగారికి అలా కనిపించిందో మనం ఊహించుకోవలసిందే. ముప్పావుగంట నీళ్ళకుండ ఎత్తి దించిన చేతులు రాత్రికి ఎలా ఉంటాయో బావి దగ్గర నీళ్ళు తోడినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటి యేడు, 1847లో, ఆనా థిన్ సముద్రపు నాచు తెప్పించి ఆ నీళ్ళలో వేసింది. నాచు వెలుతురులో ప్రాణవాయువు వదులుతుంది. దాంతో నీళ్ళు నిలకడగా ఉండి ఆ జీవులు ఏళ్ళ తరబడి బతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. ఆవిడ రాసుకున్న సంగతులు 1859లోగాని అచ్చు కాలేదు. ఈలోగా 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు గోల్డ్‌ఫిష్‌లూ, ఒక నీటిమొక్కా, కుళ్ళిన ఆకుల్ని తినే నత్తలూ కలిపి ఒక తొట్టిలో పెట్టి, ఎవరి పని వాళ్ళు చేసుకుంటే నీళ్ళు చెడవని శాస్త్రీయంగా నిరూపించాడు. మొక్క ఊపిరిస్తుంది, చేప మొక్కకి ఎరువిస్తుంది, నత్త ఇల్లూడుస్తుంది. ఉమ్మడి కుటుంబమన్నమాట. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ గోస్ రాసిన పుస్తకంతో ఆక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది.

అక్కడితో కథ సుఖాంతం అయితే బాగుండేది. గోస్ పుస్తకం చదివినవాళ్ళంతా బుట్టలూ జాడీలూ పట్టుకుని సముద్రం మీదికి బయల్దేరారు. ఇన్ని తెలివితేటలూ ఇళ్ళకి చేరినవాటిని బతికించడానికేగాని, తీరాన్ని ఎంత ఖాళీ చేస్తున్నామో ఎవరూ లెక్క చూడలేదు. గోస్ కొడుకు ఎడ్మండ్ పెద్దవాడయ్యాక, 1907లో అచ్చయిన పుస్తకంలో, తన చిన్నతనంలో చూసిన ఆ రాళ్ళ గుంటల అందం ఇక లేదనీ, తన తండ్రి పుస్తకాల వల్లే అవి దోపిడీకి గురయ్యాయనీ ఎంతో బాధపడ్డాడు. ప్రేమతో చేసిన నష్టమైనా నష్టం నష్టమే.

ఇక ఉష్ణదేశపు చేపల సంగతి. 1869లో చైనా నుంచి పారిస్‌కి ప్యారడైజ్ ఫిష్ అనే రంగురంగుల చేపలు నూరు బయల్దేరితే బతికి చేరినవి 22. నూటికి డెబ్బై ఎనిమిది దారిలోనే పోయాయన్నమాట. ఆ ఇరవైరెండైనా ఎలా బతికాయంటే, వాటికి మొప్పలతోపాటు తలలో ఇంకో ఊపిరి అర ఉంటుంది. నీళ్ళు చెడితే పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటాయి. మన కొరమీను కూడా ఆ కోవలోదే. బజారులో బేసినులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళలో పొద్దస్తమానం సజీవంగా ఉండేది అందుకే. అలాంటి గట్టి పిండాలే తొలినాళ్ళలో దేశాలు దాటాయి. తక్కినవి నిశ్శబ్దంగా చచ్చిపోయాయి.

మన దేశంలో ఈ విద్యని పుస్తకాలు చదవని వాళ్ళు ఎప్పుడో సాధించారు. బెంగాల్లో చేపపిల్లల వర్తకులు వాటిని మట్టికుండల్లో నింపుకుని రైలెక్కేవారు. దారి పొడుగునా కుండ మూతి దగ్గర అరచేత్తో నీళ్ళని తడుతూ చిలకరిస్తూ కూచునేవారు. అరచెయ్యి ఆగితే పిల్లల ఊపిరి ఆగుతుంది. రాత్రంతా నిద్ర లేకుండా పసిపిల్లకి విసినికర్ర వీచే తల్లిలాంటి పనే. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ప్లాస్టిక్ సంచులూ, ఆక్సిజన్ సిలిండర్లూ, విమానాలూ వచ్చి ఆ చేతికి విశ్రాంతినిచ్చాయి. ఇవాళ దుకాణంలో మీ అబ్బాయి చేతికిచ్చే ఉబ్బిన సంచీ వెనకాల ఇంత చరిత్ర ఉంది.

ఆ సంచీని ఒకసారి పరిశీలనగా చూడండి. మూడోవంతు నీళ్ళు, రెండొంతులు గాలి. నీళ్ళు నిండుగా పోస్తే చేపకి సుఖంగా ఉంటుందనుకుంటాం గాని, దారిలో దానికి కావలసింది గాలి. మీరే ఇల్లు మారుతుంటే ప్రయాణానికి ఒక రోజు ముందు మేత మానెయ్యండి. కడుపు నిండా తిన్న చేప దారిలో నీళ్ళు పాడుచేసుకుంటుంది. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. పెరిగిన తొట్టిలో నీళ్ళనే సంచీలో పొయ్యండి. నోటితో మాత్రం ఊదకండి, మనం వదిలేది పనికిమాలిన గాలి. ఎండ తగలకుండా, చీకటిగా ఉండేలా గుడ్డ చుట్టి అట్టపెట్టెలో నిలబెట్టండి. చీకట్లో చేప బెదరదు. తొట్టిలో నీళ్ళని వడకట్టే స్పంజి ఉంటుంది చూశారూ, దాన్ని కడిగి ఆరబెట్టకండి. అమ్మోనియాని విరిచే మేలైన సూక్ష్మజీవులు దాని నిండా ఉంటాయి. పాతనీళ్ళలో తడిగా వెంట తెచ్చుకోండి. ఆనా థిన్ స్పంజికి పగడాల్ని కుట్టింది, మనం స్పంజితో చేప ఇంటినే మోసుకెళుతున్నాం.

కొత్త ఊరు చేరాక సంచీని విప్పి దభాలున కుమ్మరించకూడదు. పావుగంటో ఇరవై నిమిషాలో కొత్త తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చి, తరవాత ఆ నీళ్ళని గ్లాసుడు గ్లాసుడు కలుపుతూ అలవాటు చెయ్యాలి. కొళాయి నీళ్ళలో క్లోరిన్ విరిగిపోయేలా ముందే చూసుకోవాలి. ఆ పూటకి దీపం వెయ్యొద్దు, చుట్టూ చేరి తొంగి చూడొద్దు. కొత్తకోడలు గృహప్రవేశం చేసిన రోజునే ఊరందరూ వరసకట్టి చూసి వ్యాఖ్యానాలు చేస్తే ఎలా ఉంటుందో మనకి తెలీదా ఏం?

ఊపిరాడితే చాలా, బతుకంటే అదేనా అని మీరడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. 1923లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త చూపులేని ఒక చిన్న క్యాట్‌ఫిష్ సంగతి ప్రకటించాడు. ఈలవేసి మేత పెట్టడం అలవాటు చేస్తే, కొన్నాళ్ళకి ఆయన ఈల వినగానే అది దాక్కున్న మట్టిగొట్టంలోంచి బయటికి వచ్చేది. చేప వినదు, చేపకి జ్ఞాపకం లేదు అన్న మాటలు ఆనాడే వీగిపోయాయి. వినేదానికి, గుర్తుపెట్టుకునేదానికి, విసుగు మాత్రం ఉండదా? దాక్కోవడానికో గొట్టమో కుండపెంకో, మధ్యలో దూరడానికి నాలుగు మొక్కలు, గుంపుగా తిరిగే జాతయితే తోటివాళ్ళు, ఇవన్నీ దాని ఇంటి సామానే. 2005లో రోమ్ నగరం గోల్డ్‌ఫిష్‌ని గుండ్రటి గాజుబుడ్డిలో పెంచకూడదనీ, తిరణాలల్లో బహుమతిగా పంచకూడదనీ చట్టం చేసింది. నీళ్ళు చాలని ఇంట్లో అది ఎప్పటికీ బతకదని, పీప్స్ నమ్మిన మూడు వందల నలభై యేళ్ళకి, ఒక నగరపాలక సంస్థ ఒప్పుకుందన్నమాట.

పెంచలేకపోతే ఏం, తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తాం, పుణ్యం కూడానూ అనేవాళ్ళున్నారు. వద్దండీ. గాజు మీద పాచి నాకుతుందని ముచ్చటపడి కొన్న దక్షిణ అమెరికా సకర్ చేపలు అలా బయటపడే ఇవాళ మన చెరువుల్లో, కాలవల్లో దెయ్యం చేపలై కూచున్నాయి. వలలు చింపుతున్నాయి, మన చేపల మేత లాక్కుంటున్నాయి. కోనేటి మెట్ల మీద కూచుని మరమరాలు వేస్తే గుంపుగా వచ్చే చేపలది ఆ కోనేరే. మీరు తెచ్చిన చేపది మీ ఇల్లు. తీసుకెళ్ళలేకపోతే పెంచగలిగిన ఇంటికే ఇవ్వాలి, సంచీతో సహా, స్పంజితో సహా.

తొట్టిలో ఓ మూల బుడగలు వదులుతూ చిన్న మోటారు ఉంటుంది చూశారా, రాత్రిపూట దాని చప్పుడుకి నిద్ర పట్టలేదని విసుక్కుంటారు. వెస్ట్‌మినిస్టర్‌లో ఆ పనిపిల్ల కిటికీ ముందు నిలబడి చేసిన పనే అది ఇవాళ చేస్తోంది. కరెంటు పోయినప్పుడు ఆ పని తిరిగి మన చేతికే వస్తుంది. అప్పుడు ఒక మగ్గు తీసుకుని, తొట్టిలో నీళ్ళే ముంచి, కాస్త ఎత్తునించి మళ్ళీ తొట్టిలోకే పొయ్యండి. కరెంటు వచ్చేదాకా, మధ్యమధ్య కాసేపు ఆగి పోస్తూ ఉంటే సరిపోతుంది. చెయ్యి నొప్పెడితే ఇంట్లోవాళ్ళని కూడా పిలవండి.